పాత కారు ఒంటి మీద పెయింటు, జంగు: ఎక్కడ ఏది వాడి తీయాలి

పదిహేనేండ్లుగా వేపచెట్టు కింద నిలబడ్డ అంబాసిడర్ డోరు కింది అంచును బొటనవేలితో ఒత్తి చూడండి. పైన పెయింటు నున్నగానే కనిపిస్తుంది. ఒత్తగానే లోపల అప్పడం విరిగినట్టు కరకరమంటుంది. అక్కడ రేకు ఎప్పుడో పోయింది. మిగిలింది పెయింటు, దాని కింద పుట్టీ, ఆ కింద జంగు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత అంబాసిడర్లను, పద్మినీలను, మహీంద్రా జీపులను మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు షెడ్డుకొచ్చి మొదట అడిగే మాట ఒకటే: "మొత్తం పెయింటు దేనితో లేపాలి?"

చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పెయింటు వేరే పదార్థం, జంగు వేరే పదార్థం. పెయింటును ఉబ్బించి లేపే రిమూవర్ జంగును ఏమీ చేయదు. జంగును తినే యాసిడ్ పెయింటు మీంచి జారిపోతుంది. రెండింటినీ ఒకేసారి ఊడ్చేవి గ్రైండరు, గాలి ఒత్తిడితో గింజలు చిమ్మే బ్లాస్టింగు. అవి రేకును కూడా తింటాయి, లేదా వంచుతాయి. పాత కార్ల రేకు 20 గేజ్ దగ్గర ఉంటుంది, అంటే 0.9 మిల్లీమీటరు. అందులో పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాబట్టి బండి మొత్తాన్ని ఒకటిగా చూడకండి. టాపుకు ఒక పద్ధతి, డోరు మడతకు ఒకటి, ఛాసిస్‌కు ఒకటి, బోల్టులకు, కబ్జాలకు ఇంకొకటి.

ముందు బండిని చదవాలి

గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఒళ్లంతా నడిపించండి. పట్టు తగ్గిన చోట పుట్టీ మందంగా ఉంది, అసలు పట్టని చోట రేకే లేదు. తర్వాత చిన్న సుత్తి పిడితో తట్టుకుంటూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, జంగు తిన్నది డబ్బుమంటుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. రంధ్రం పడుతుందేమోనని భయపడకండి. పడితే అది ముందే ఉన్న రంధ్రం. పెయింటు దాన్ని దాచిపెట్టింది, అంతే.

ఎక్కువగా పోయేవి డోర్ల కింది మడతలు, డోర్ల కింద ఉండే పెట్టె లాంటి సిల్లు, కాళ్ల కింది ఫ్లోరు, బ్యాటరీ ట్రే, డిక్కీ అడుగు, అద్దం రబ్బరు కింది అంచు, మడ్‌గార్డు లోపలి మడతలు. మన ప్రాంతంలో డిక్కీ అడుగు మరీ ఎక్కువగా పోవడానికి ఒక కారణం ఉంది. ఈ బండ్లు ఊళ్లల్లో ఎరువుల బస్తాలు మోసినవి. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అచ్చమైన ఉప్పు. బస్తా చిరిగి కారిన గుప్పెడు పొటాష్ కార్పెట్ కింద చేరితే వానాకాలం గాలిలోని తేమను పీల్చుకుని ఏండ్ల తరబడి రేకును తింటూనే ఉంటుంది. సిల్లు లోపల చేరిన ఎర్రమట్టి కూడా ఇలాగే తడిని పట్టి ఉంచుతుంది. ముందు అద్దం కింద నీళ్లు బయటికి పోయే రంధ్రాలను (కౌల్ డ్రెయిన్లను) వేపాకులు మూసేస్తే వాన నీళ్లు నేరుగా ఫ్లోరు మీదికే దిగుతాయి.

మీద ఉన్న పెయింటు ఏ రకమో తెలుసుకోవడానికి దూదిని ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచి కనిపించని చోట ఒక నిమిషం అదిమి పెట్టండి. రంగు కరిగి దూదికి అంటితే ఎన్.సి. పెయింటు. పొర ముడతలు పడితే ఎనామిల్. ఏమీ కాకపోతే హార్డెనర్ కలిపి కొట్టే టూ-కె పీయూ (పాలీయూరిథేన్), లేదా ఫ్యాక్టరీలో కాల్చిన పెయింటు. ఒకే బండి మీద నాలుగైదు రకాలు దొరకడం మామూలే.

ఒక జాగ్రత్త. పాత పసుపు, నారింజ రంగుల్లో సీసం క్రోమేట్, పాత ఎర్ర ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం బలంగా ఉంది. భారతదేశంలో సీసానికి 90 పి.పి.ఎం. (పది లక్షల వంతుల్లో 90) పరిమితి 2016 నిబంధనలతో వచ్చింది. అది కూడా ఇండ్లకు వేసే పెయింట్లకే. అందువల్ల పాత పొరలను పొడిగా రుద్ది దుమ్ము లేపడం మంచిది కాదు. ఆ దుమ్ము చేసేవాళ్ల బట్టల మీద ఇంటికి పోయి పిల్లలకు చేరుతుంది. పాత పొరలను రసాయనంతో తడిగా లేపి, ఆ మడ్డిని డబ్బాలో మూత పెట్టి ఉంచాలి. కాలువలోనో బావి పక్కనో పారబోయకండి.

చెయ్యి పెట్టే ముందు

బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు తీసి బయట పెట్టాలి. గ్యాస్ కిట్ ఉంటే సిలిండర్ కూడా. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి చాలు.

ఛాసిస్ నంబరు పంచ్ చేసిన చోటు వెతికి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకోండి. ఫోటో కూడా తీయండి. తర్వాత ఆ చోట గ్రీజు రాసి, మందం టేపు అతికించి, "ముట్టొద్దు" అని రాయండి. ఆ అక్షరాలు గ్రైండర్ కింద అరిగిపోతే రేపు ఆర్టీఏ ఆఫీసులో రీ-రిజిస్ట్రేషన్‌కు తిరిగే తిరుగుడుకు అంతుండదు. యాభై ఏండ్లు దాటిన బండిని 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద వీఏ సిరీస్‌లో నమోదు చేయించాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

సిల్లు పోయిన బండికి ఇంకో పని ఉంది. జంగు కోయడానికి ముందే డోర్ల సందులు కొలిచి రాసుకుని, ముందు పిల్లరు నుంచి మధ్య పిల్లరు దాకా యాంగిల్ ఐరన్ ముక్కలు టాక్ వెల్డింగ్ చేయాలి. సిల్లు తీశాక బాడీ మధ్యలో కుంగితే డోర్లు మళ్లీ పడవు.

ఆ తర్వాత కడగడం. గ్రీజు, తారు, పాలిష్ మైనం పోయేదాకా డిటర్జెంట్, తర్వాత వ్యాక్స్-గ్రీజ్ రిమూవర్. చాలామంది దీన్ని రుద్దడం అయ్యాక చేస్తారు. అప్పటికి సాండ్ పేపరు మైనాన్ని రేకు గీతల్లోకి కూరేసి ఉంటుంది. ఆ చోట పెయింటు చేప కళ్లలా గుంతలు పడుతుంది.

పెయింటు

బానెట్, టాపు, డోరు మధ్య భాగం లాంటి పెద్ద చదును రేకులకు జెల్ రిమూవర్ నమ్మకమైన పద్ధతి. రేకును వేడి చేయదు, వంచదు. కారు బయటి ఒళ్లంతా కలిపి పది పన్నెండు చదరపు మీటర్లు అనుకుంటే, లీటరు రెండు చదరపు మీటర్లకు వస్తుంది, కాబట్టి ఒక చుట్టుకు ఐదారు లీటర్లు కావాలి. పొరలు ఎక్కువుంటే రెండు మూడు చుట్లు.

ముందుగా 80 నంబరు పేపరుతో పెయింటు మీద అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి. లోపల పాత పొరలు ఉంటాయి కాబట్టి ఇది నీళ్లతో తడిపి చేయాలి, ఆరాకే జెల్ వేయాలి. జెల్‌ను బ్రష్‌తో ఒకే దిక్కుకు మందంగా పరిచి వదిలేయాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే పైన కట్టిన పొర తెగి ఆవిరి పోతుంది. మీద పల్చటి పాలిథిన్ కప్పండి. ఎండాకాలం ఇక్కడి గాలికి కప్పకపోతే ఐదు నిమిషాల్లో ఎండిపోయి పని చేయదు. పదిహేను ఇరవై నిమిషాలకు పెయింటు దోసెలా పైకి లేస్తుంది. అప్పుడు అంచులు గుండ్రంగా అరగదీసిన పట్టీతో తోసేయాలి. పదునైన పట్టీ రేకును గీస్తుంది.

అంచుల దగ్గర, రెండు రేకులు కలిసే అతుకుల దగ్గర, డోరు మడత దగ్గర ఒక అంగుళం వదిలి టేపు వేయండి. జెల్ అతుకు లోపలికి దిగితే కడిగినా బయటికి రాదు. ఆరు నెలలకు కొత్త పెయింటు కింద నుంచి ఊరి, అంచు పొడవునా బుడగలు లేపుతుంది. వదిలిన అంగుళాన్ని తడి సాండ్ పేపరుతో చేత్తో తీయడం ఓపిక పని, కానీ అక్కడ వేరే దారి లేదు.

డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ లేదా డైక్లోరోమీథేన్ అని ఉందేమో చూడండి. దాని ఆవిరి పీల్చితే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గాలి కన్నా బరువు కాబట్టి షెడ్డు నేల మీద, సర్వీసింగ్ గుంతలో నిలిచి ఉంటుంది. అమెరికాలో పెయింటు తీయడానికి దీన్ని మామూలు జనానికి అమ్మడం 2019లో ఆపేశారు. ముక్కుకు కట్టుకునే గుడ్డ గానీ, ఎన్-95 మాస్కు గానీ ఈ ఆవిరిని ఆపవు. సేంద్రియ ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కులను కూడా ఇది తొందరగానే దాటిపోతుంది. అందుకే బయట చెట్టు నీడన, గాలి పారే చోట చేయాలి. ఆ రసాయనం లేని రిమూవర్ దొరికితే అదే తీసుకోండి. రెండు గంటలు ఆలస్యమైనా ప్రాణానికి హాయి.

కాస్టిక్ సోడా చవకని కొందరు వాడతారు. ఎనామిల్‌ను బాగానే లేపుతుంది, కానీ అల్యూమినియాన్ని, జింకును తినేస్తుంది. మడతల్లో మిగిలితే పైన వేసే పెయింటును కింద నుంచి సబ్బులా మారుస్తుంది. కంట్లో చుక్క పడితే చూపే పోవచ్చు. బాడీకి వద్దు.

పుట్టీ మాత్రం రిమూవర్‌తో సరిగా రాదు. హీట్ గన్‌తో వేడి చేసి మెత్తబరిచి చెక్కాలి, మిగిలింది 80 నంబరు డిస్కుతో తీయాలి. పాత పుట్టీ కింద రేకు బాగుందనుకుని వదిలేసే అలవాటు మానాలి. పాలిస్టర్ పుట్టీ నీళ్లు పీల్చుతుంది, పైన చిన్న పగులు ఉన్నా కింద జంగు మొదలై ఉంటుంది.

బ్లాస్టింగు ఎక్కడ చేయాలి, ఎక్కడ వద్దు, ఎందుకు

ఛాసిస్, ఫ్లోరు కింది క్రాస్ మెంబర్లు, వీలు డిస్కులు, జీపు బ్రాకెట్లు వంటి మందం ఇనుముకు బ్లాస్టింగును మించింది లేదు. గుంతల్లో దాక్కున్న జంగును కూడా తవ్వి తీస్తుంది. అదే గొట్టాన్ని బానెట్ మీద పెడితే బానెట్ చేతికి రాదు. చాలామంది వేడికి వంగిందనుకుంటారు. వేడి కొంతే. అసలు సంగతి వేరు: ప్రతి గింజా ఒక చిన్న సుత్తి దెబ్బ. దెబ్బలు తిన్న పైముఖం సాగుతుంది, వెనక ముఖం సాగదు. దాంతో రేకు దెబ్బలు పడే వైపు ఉబ్బుతుంది. అలా సాగిన రేకును తిరిగి చదును చేయడం మంచి డెంటర్‌కు కూడా కష్టమే.

రేకు మీద తప్పదనుకుంటే సన్న గింజ, 40 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఒత్తిడి, కనీసం ఒక అడుగు దూరం, 45 డిగ్రీల కన్నా తక్కువ వాలు, చెయ్యి ఎక్కడా ఆగొద్దు. ఛాసిస్‌కు 90 దాకా పోవచ్చు. కంప్రెసర్ కూడా చూసుకోవాలి: 3 మిల్లీమీటర్ల నాజిల్‌కు 80 పి.ఎస్.ఐ. దగ్గర 17 సి.ఎఫ్.ఎం. (నిమిషానికి ఘనపుటడుగులు) దాకా గాలి కావాలి, ఒక హార్స్‌పవర్‌కు నాలుగు సి.ఎఫ్.ఎం. లెక్కన 5 హార్స్‌పవర్ అంచుమీద సరిపోతుంది. పంక్చర్ షాపు 2 హార్స్‌పవర్ కంప్రెసర్ నిమిషం ఊది పది నిమిషాలు రొప్పుతుంది. గాలి దారిలో తేమ పట్టే ట్రాప్ లేకపోతే రేకు మీద గింజతో పాటు నీళ్లు కూడా చల్లినట్టే.

వాగు ఇసుకను గానీ, క్రషర్ల దగ్గర దొరికే రోబో శాండ్‌ను గానీ వాడకండి. రెండింటిలోనూ క్వార్ట్జ్ ఉంటుంది, పగిలిన దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. బ్రిటన్ పోతపోసిన లోహాల మీద ఇసుక బ్లాస్టింగును 1949 నిబంధనలతోనే నిషేధించింది. బదులుగా గార్నెట్ అనే రాయి గింజ వాడండి. వంట సోడాతో బ్లాస్టింగు చేస్తే రేకు వంగదు, పెయింటు పోతుంది, కానీ జంగు మాత్రం పోదు. మిగిలిన సోడా పొడిని బాగా కడగకపోతే ప్రైమర్ పట్టదు.

జంగు

గ్రైండర్‌కు వైరు బ్రష్ బిగించి జంగు మీద పెట్టగానే నిమిషంలో రేకు మెరుస్తుంది. ఆ మెరుపును దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. వెండిలా మెరిసే రేకులో గసగసాలంత నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి గుంతల అడుగున మిగిలిన జంగు. వైరు బ్రష్ వాటిని తవ్వలేదు, పైన పాలిష్ పట్టి అణిచిపెట్టింది. దాని మీద ప్రైమర్ కొడితే అందంగానే ఉంటుంది. రెండు వానాకాలాల తర్వాత సరిగ్గా ఆ చుక్కల దగ్గరే పెయింటు బొబ్బలెక్కుతుంది. పెయింటర్ పని బాగా లేదని తిడతారు, పాపం అతని తప్పేం లేదు.

అందుకని పైపై పొరకు వైరు బ్రష్ బదులు నల్లగా స్పాంజిలా ఉండే స్ట్రిప్ డిస్కు వాడండి. అది రేకును అంతగా వేడి చేయదు, పాలిష్ పట్టదు. గ్రైండర్ పట్టుకున్నప్పుడు మెడలో తువ్వాల ఉండొద్దు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, కొస అందుకుంటే తీసే టైమ్ ఉండదు. కండ్లద్దాలు తప్పనిసరి, వైరు పుల్లలు సూదుల్లా ఎగురుతాయి.

గుంతల అడుగుకు ఫాస్ఫారిక్ యాసిడ్. 85 శాతం యాసిడ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు: 900 మిల్లీలీటర్ల నీళ్లలో 100 మిల్లీలీటర్ల యాసిడ్. ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. ఎప్పుడూ తిరగేయొద్దు. రేకు మీద పాత బట్ట పరిచి దీంతో తడిపి, ఎండకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, స్కాచ్ బ్రైట్‌తో రుద్ది కడగాలి. మళ్లీ చూడాలి, నల్ల చుక్కలుంటే మళ్లీ పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. యాసిడ్ ఎండితే జిగట పొరగా మిగులుతుంది, దాని మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగా గట్టిపడదు, అట్టలు అట్టలుగా లేస్తుంది. ఎండితే మళ్లీ యాసిడ్‌తోనే తడిపి, తడిగా ఉన్నప్పుడే కడగాలి.

షాపులో దొరికే రస్ట్ కన్వర్టర్ జంగును నల్లని పొరగా మారుస్తుంది. చెయ్యి అందని పెట్టెల లోపలికి అది పరవాలేదు. బయటి రేకు మీద జంగు తీయకుండా దాన్ని పూసి పుట్టీ పెట్టడం రోగం మీద దుప్పటి కప్పడమే. బాత్రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్, షెడ్డులోకే రానివ్వొద్దు. జంగును క్షణాల్లో తింటుంది నిజమే. కానీ గుంతల్లో క్లోరైడు వదిలిపోతుంది, మూత తీసిన డబ్బా ఆవిరికే పక్కనున్న పానాలు, లేతు మిషన్లు జంగు పడతాయి.

కబ్జాలు, బ్రాకెట్లు, నట్లు లాంటి విడి భాగాలకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి) బాగుంటుంది. లీటరు నీళ్లకు 50 నుంచి 100 గ్రాములు, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు. నకిరేకల్ నిమ్మకాయలు ఎంత చేరువలో ఉన్నా పొడే కొనండి. రసంలోని చక్కెర, గుజ్జు వల్ల జిగట తప్ప లాభం లేదు. తీశాక చాకలి సోడా నీళ్లలో ముంచి కడగాలి. చవకైన ఇంకో దారి మొలాసిస్, అంటే చక్కెర మిల్లుల్లో మిగిలే చెరకు మడ్డి: ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, ఒకటి నుంచి మూడు వారాలు. ఎండాకాలం తొందరగా పని చేస్తుంది, వాసన మాత్రం భరించాలి. అల్యూమినియం ముక్క అందులో పడితే కరుగుతుంది.

వీలు డిస్కుల వంటి పెద్ద వాటికి కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ డ్రమ్ములో 100 లీటర్ల నీళ్లకు అర కిలో నుంచి కిలో చాకలి సోడా. జంగు పట్టిన భాగానికి 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ మైనస్, చుట్టూ నిలబెట్టిన సలాక ముక్కలకు ప్లస్. రెండూ తాకకూడదు. కరెంటు ఎదురెదురుగా ఉన్న ముఖాల మీదే బాగా పని చేస్తుంది కాబట్టి సలాకలు అన్ని వైపులా ఉండాలి. రాత్రంతా ఉంచితే జంగు నల్ల మడ్డిగా మారి బ్రష్‌కు ఊడిపోతుంది, మంచి ఇనుము అరగదు. స్టీలు గిన్నెలను ప్లస్‌కు కట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మామూలు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. పైన లేచే బుడగలు హైడ్రోజన్, బీడీ కాల్చేవాళ్లను దూరంగా ఉంచండి. స్ప్రింగులు, గట్టి టెన్సైల్ బోల్టులు ఇందులోనూ, యాసిడ్‌లోనూ వేయొద్దు. హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కి విరుగుతాయి.

రంధ్రం పడిన చోట రసాయనాలన్నీ వృథా. జంగు కనిపించే చోటు నుంచి ఇంకో అంగుళం దాకా, మంచి రేకు వచ్చేదాకా కోసి, అదే గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు ముక్కను అంచుకు అంచు కలిపి వెల్డ్ చేయించండి. మీద మీద వేసిన అతుకు నీళ్లను పట్టుకుంటుంది. జింకు పూత ఉన్న జీఐ రేకు వాడితే వెల్డింగులో జింకు పొగ లేస్తుంది, పీల్చితే జ్వరమొస్తుంది.

నీళ్లు, గాలి, చెమట

నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడు గుర్తొస్తుంది. రేకుకు సంబంధించి భయపడాల్సింది అందులోని మొత్తం ఉప్పు గురించి, ముఖ్యంగా క్లోరైడు గురించి. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టిన రేకు మీద తెల్లని మరకలు చూసే ఉంటారు. ఆ మరక మీద ప్రైమర్ పడితే, ఉప్పు పెయింటు పొర గుండా తేమను లాక్కుని, చెమటకాయల్లాంటి బుడగలు లేపుతుంది. మొదటి కడుగు దేనితోనైనా కడగండి. చివరి కడుగు మాత్రం బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. డోరుకు లీటరు చాలు. వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టాలి. ఆ కడిగే నీరు రేకు మీద ఒకే పొరగా పరుచుకోవాలి. ముత్యాల్లా విడిపోతే గ్రీజు ఇంకా ఉన్నట్టు.

పెయింటు తీసేసిన బట్ట రేకును ఉత్త చేత్తో ముట్టకండి. చెమటలో ఉప్పుంటుంది. వేలిముద్ర ఆకారంలోనే జంగు రావడం ఎండాకాలపు షెడ్లల్లో మామూలు.

గాలిలో తేమ 60 శాతం దాటితే జంగు వేగం పెరుగుతుంది. కాబట్టి ఈ పనికి మన దగ్గర మంచి కాలం ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ దాకా. మే నెలలోనూ తేమ తక్కువే, కానీ ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ప్రైమర్ రేకును చేరేలోపే గాలిలో ఎండి గరుకుగా పడుతుంది. అప్పుడు పొద్దున్నే నీడలో చేయాలి. చలికాలం దీనికి తలకిందులు. తెల్లవారుజామున చల్లని రేకు మీద కంటికి కనిపించని మంచు ఉంటుంది, పది గంటల తర్వాతే మొదలుపెట్టాలి. రేకు వేడి మంచు కురిసే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింటు పనిలో పాత లెక్క. జూన్‌లో మృగశిర దాటాక బండి మొత్తం బట్టబయలు చేసి కూర్చోవద్దు.

ఏ కాలమైనా, ఆ రోజు ప్రైమర్ కొట్టగలిగినంతే పెయింటు తీయాలి. రోజుకు ఒక డోరు, లేదా ఒక మడ్‌గార్డు. బానెట్ ఒక్కటే ఒక రోజు.

ప్రైమర్

రెడ్ ఆక్సైడ్ గేట్లకు, కిటికీ ఊచలకు సరే. అది నీళ్లను ఆపదు, పైన టూ-కె పెయింటు పడితే ముడతలు లేస్తుంది. బట్ట రేకు మీద టూ-కె ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. దానికి ముందు రేకును 80 నుంచి 180 నంబరుతో పొడిగా గరుకు చేయాలి. బట్ట రేకును నీళ్లతో రుద్దకూడదు. గ్రీజ్ రిమూవర్‌తో తుడిచి, రెండు కోట్లు, మధ్యలో పదిహేను ఇరవై నిమిషాలు. యాసిడ్ కలిసిన ఎచ్ ప్రైమర్ వేసి దాని మీద ఎపాక్సీ వేయడం వద్దు, ఆ యాసిడ్ దీన్ని గట్టిపడనివ్వదు. కలిపిన ప్రైమర్ వాడుకునే సమయం డబ్బా మీద 25 డిగ్రీలకు రాసి ఉంటుంది. ప్రతి పది డిగ్రీలకు అది ఇంచుమించు సగమవుతుంది. నలభై డిగ్రీల మధ్యాహ్నం అర లీటరు కన్నా ఎక్కువ కలపకండి. తర్వాతి కోటు వేయాల్సిన గడువు దాటిపోతే ముందు స్కాచ్ బ్రైట్‌తో గరుకు చేయాలి. పుట్టీ ఎపాక్సీ మీదే పెట్టాలి, రేకు మీద కాదు.

పెయింటంతా అయ్యాక సిల్లు, డోర్ల లోపలికి కావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో చిమ్మే మైనం), చుట్టూ చిమ్మే పొడవాటి నాజిల్‌తో. కాలిన ఇంజన్ ఆయిల్ పోసే అలవాటు చాలా షెడ్లల్లో ఉంది. ఆ నూనెలో ఆమ్లాలు, నీటి తడి ఉంటాయి, మేలు కన్నా చెడు ఎక్కువ. వ్యాక్స్ ఆరిన మర్నాడు డోరు అడుగున ఉన్న డ్రెయిన్ రంధ్రాలన్నింటిలో సన్న తీగ దూర్చి, చెంబెడు నీళ్లు డోరులో పోసి, అవి ధారగా కారుతున్నాయో లేదో చూడండి. చుక్కలు చుక్కలుగా పడుతుంటే రంధ్రంలో వ్యాక్స్ అడ్డం పడింది, మళ్లీ తీగ దూర్చాలి.